పిలిస్తే రావు, చోటిస్తే వస్తాయి

పోయిన దసరా సెలవుల్లో హైదరాబాదులోని మా అక్క ఇంటికి వెళ్లాను. ముందు గదిలో టీవీ ఎదుట కూర్చొని మా అక్క మనవరాలు ఏదో ఆట ఆడుతోంది. ఏడవ తరగతి చదువుతున్న పిల్ల. నేను చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టానో లేదో, "తాతా, తొందరగా రా! పిచ్చుక వచ్చింది!" అని కేక పెట్టింది.

నేను కిటికీ వైపు చూశాను. హైదరాబాదులో, అదీ నాలుగో అంతస్తులో ఊరపిచ్చుక కనిపించిందంటే చిన్న సంగతి కాదు కదా! కాని కిటికీ దగ్గర ఏమీ లేదు. పిచ్చుక టీవీ తెరమీద ఉంది. రంగుకాగితాలు కత్తిరించి అంటించినట్లున్న పిచ్చుక అది. ఒక తోట అంచున నిలబడి లోపలికి తొంగి చూస్తోంది.

"దాన్ని ఎవరు పంపారు?" అని అడిగాను.

"ఎవరూ పంపరు తాతా, అదే వస్తుంది. నా తోటలో ఎర్రలున్నాయి కదా, వాటికోసం వచ్చింది" అంది మనవరాలు. ఎర్ర అంటే తెలుసు కదా? పుస్తకంలో వానపాము అని రాస్తారు. మన వైపు ఎర్ర అంటాం.

పాతికేళ్లకు పైగా నేను బడిలో జీవశాస్త్రం చెబుతున్నాను. ఆహారపు గొలుసు అనే పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నల్లబల్ల మీద గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని రాసి బాణాలు గీస్తాను. పిల్లలు చూచి రాసుకుంటారు. పరీక్షలో మళ్లీ బాణాలు గీస్తారు. కాని "ఎర్రలున్నాయి కాబట్టి పిచ్చుక వచ్చింది" అని తన సొంత మాటల్లో నాతో ఎవరూ చెప్పలేదు. అందుకని నేను కూడా చాప మీద కూర్చొని ఆ ఆటను గంటన్నర సేపు చూశాను. అప్పటినుంచి నా మనసులో మెదులుతున్న సంగతులను మీ ముందు పెట్టాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇంతకూ ఏమిటా ఆట?

దాని పేరు 'వీవా పిన్యాటా: ట్రబుల్ ఇన్ ప్యారడైజ్'. ఇంగ్లండులోని రేర్ అనే సంస్థ తయారుచేయగా, మైక్రోసాఫ్ట్ కంపెనీ 2008 సెప్టెంబరులో తన ఎక్స్‌బాక్స్ 360 యంత్రం కోసం విడుదల చేసింది. 2006లో వచ్చిన 'వీవా పిన్యాటా' అనే ఆటకు ఇది రెండవ భాగం. 2015లో ఆ సంస్థ తన పాత ఆటలు 30 కలిపి ఒక సంపుటిగా తెచ్చినప్పుడు ఈ రెండు భాగాలనూ అందులో చేర్చింది. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక పిల్ల దాన్ని ఆడుతోందన్నమాట.

పిన్యాటా అన్న మాట మీకు కొత్త కావచ్చు. కృష్ణాష్టమినాడు మన ఊళ్లలో ఉట్టి కొడతారు కదా! మెక్సికో దేశంలో పండుగలకు రంగుకాగితాలతో జంతువు బొమ్మ చేసి, లోపల మిఠాయిలు నింపి, పైన వేలాడదీస్తారు. పిల్లలు కళ్లకు గంతలు కట్టుకొని దాన్ని కర్రతో కొడతారు. బొమ్మ పగిలితే మిఠాయిలు రాలుతాయి. ఆ బొమ్మే పిన్యాటా. ఈ ఆటలో జంతువులన్నీ అటువంటి కాగితపు బొమ్మలే. వాటి పేర్లు కూడా మిఠాయిల పేర్లతో ముడిపెట్టినవే. ఎర్ర పేరు వర్ల్మ్. పిచ్చుక పేరు స్ప్యారోమింట్.

ఆట మొదట్లో మీకు ఒక బీడునేల ఇస్తారు. గట్టిపడిపోయిన మట్టి, చెత్తాచెదారం. మీ చేతిలో ఒక పార, నీళ్లు పోసే ఒక డబ్బా. మట్టి గుల్ల చేయాలి, గడ్డి చల్లాలి, విత్తనం వేయాలి, గుంట తవ్వి నీళ్లు నింపాలి. మొదటి భాగానికి లేని రెండు కొత్త చోట్లు రెండవ భాగంలో కలిపారు. ఒకటి ఎడారి, మరొకటి మంచుసీమ. తోటలోకి రాని జంతువులను అక్కడికి పోయి ఎర చూపి, బోను పెట్టి పట్టుకురావచ్చు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, వినండి. తోటలో మీరు చేసిన ఏర్పాట్లు నచ్చితేనే ఒక జంతువు వస్తుంది. దానికి నాలుగు మెట్లున్నాయి. మొదట అది తోట బయట కనిపిస్తుంది. తర్వాత లోపలికి వచ్చి చూచి పోతుంది. ఆ తర్వాత, దానికి కావలసినవన్నీ ఉంటే, అక్కడే నిలిచిపోతుంది. చివరకు జోడు దొరికి, ఇల్లు అమరితే పిల్లలు పెడుతుంది. తోటకు కొత్తగా వచ్చే జంతువు నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. అక్కడ నిలిచిపోవాలని నిశ్చయించుకున్న క్షణంలో దానికి రంగులు వస్తాయి!

ఈ చిన్న ఊహ నాకు ఎంతో నచ్చింది. జీవి వేరు, దాని నివాసం వేరు అని అనుకోవద్దు. నివాసం కుదిరినప్పుడే జీవికి నిండుదనం వస్తుంది. జీవావరణ శాస్త్రం నేర్పే మొదటి పాఠం ఇదే. ఆ పాఠాన్ని ఆట తయారుచేసినవాళ్లు రంగుల్లో చూపించారు.

నేను చేసిన తప్పు

మనవరాలు ఆడుతుంటే నాకు మా బడిలో జరిగిన ఒక సంగతి గుర్తుకు వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను.

నేను పనిచేసే బడి నల్గొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక పల్లెలో ఉంది. చుట్టూ ఎర్ర చెల్కలు, బండరాళ్ల గుట్టలు. బడి గోడ వెంట ఎవరూ నాటకుండానే జిల్లేడు చెట్లు వరుసగా మొలిచాయి. కొన్నేళ్ల కిందట ఆగస్టు 15 దగ్గరపడుతుండగా, జెండా పండుగకు బడి శుభ్రంగా కనిపించాలని నేనే దగ్గరుండి ఆ చెట్లను కొట్టించాను. గోడ వెంట నేల నున్నగా తయారైంది. సున్నంతో గీత కూడా గీయించాను. ఎంతో చక్కగా ఉందని అందరూ అన్నారు.

ఎనిమిదవ తరగతి పిల్ల ఒకతె మాత్రం కొట్టేసిన కొమ్మల కుప్ప దగ్గర నిలబడింది. ఆమె చేతిలో ఒక జిల్లేడు ఆకు ఉంది.

"సార్, దీని మీద పురుగులుండె. రోజు చూస్తుంటి సార్. ఇంక రెండు దినాలైతే వేలాడుతుండె" అంది.

నేను తొందరలో ఉన్నాను. "పురుగులే కదా బిడ్డా, పో, లైన్లో నిలబడు" అన్నాను.

ఆ నెలాఖరులోనే తరగతిలో సీతాకోకచిలుక జీవితచక్రం పాఠం వచ్చింది. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, ప్రౌఢజీవి అని నల్లబల్ల మీద నాలుగు బొమ్మలు వేశాను. ఆ పిల్ల బల్లకేసి చూడలేదు, నాకేసి చూసింది. అసలైన పాఠం గోడ అవతల కుప్పలో ఎండిపోయిందని ఆమెకు తెలుసు. నాకు అప్పుడు తెలిసింది.

తెరమీది తోటలో ఒక జంతువుకు కావలసిన ఏర్పాట్ల కోసం ఒక పిల్ల గంటలతరబడి శ్రమపడుతోంది. మా బడిలో అన్ని ఏర్పాట్లూ ప్రకృతే చేసి పెడితే, ఒక సైన్సు మాస్టారు ఒక్క పూటలో చెడగొట్టాడు. నా అభిప్రాయమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది: జీవులు పిలిస్తే రావు, చోటిస్తే వస్తాయి. ఆట తయారుచేసినవాళ్లకు ఈ విషయం తెలుసు. బడులు నడిపే మాకు తెలియడం లేదు.

మన తోటలోని నియమాలు

ఆటలో ప్రతి జంతువుకూ ఒక నియమాల పట్టీ ఉంటుందని చెప్పాను కదా! మన నేలమీద కూడా ప్రతి జీవికీ అటువంటి పట్టీ ఉంది. అది పుస్తకంలో కన్న ఎక్కువగా ఆకుల మీదే రాసి ఉంటుంది. కొన్ని చూద్దాం.

జిల్లేడు చెట్టుమీద ఆ పిల్ల చూసినది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు. ఒంటినిండా నలుపు, తెలుపు, పసుపు చారలుంటాయి. వీపు మీద కొమ్ముల వంటి నల్లటి పోగులు మూడు జతలుంటాయి. తల్లి సీతాకోకచిలుక జిల్లేడు, దాని బంధువర్గపు మొక్కలను వెతికి మరీ గుడ్లు పెడుతుంది. ఎందుకంటే జిల్లేడు పాలలో విషపదార్థాలున్నాయి. గొంగళిపురుగు ఆకుతో పాటు ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. పెరిగి రెక్కలు వచ్చాక కూడా ఆ విషం అలాగే ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ దాని జోలికి పోదు. గుడ్డు నుంచి సీతాకోకచిలుక వరకు సుమారు మూడు, నాలుగు వారాలు పడుతుంది. జిల్లేడు లేకపోతే, మీరు ఎన్ని గులాబీలు నాటినా, దాని పిల్లలు బతకవు.

ఇంకో తమాషా చూడండి. డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుక ఉంది. దాని ఆడది అచ్చం ఈ ప్లెయిన్ టైగర్‌లాగే ఉంటుంది. దానికి ఆ విషపు రక్షణ లేదు. వేషం మాత్రం వేసుకుంది! పక్షులు మోసపోయి దాన్నీ వదిలేస్తాయి. దాని గొంగళిపురుగు తినే మొక్కల్లో మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర ఒకటి. చూశారా! గోడ పక్కన జిల్లేడు, కాలువ గట్టున గంగవాయిలి, ఆ రెంటి మధ్య ఇంత పెద్ద నాటకం నడుస్తోంది.

నల్గొండ జిల్లా బత్తాయి తోటలకు పేరుపడింది. బత్తాయి, నిమ్మ, కల్యమాకు చెట్ల లేత ఆకులను నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు తింటాయి. చిన్నప్పుడు అవి పిట్టరెట్టలాగా కనిపిస్తాయి. కాస్త పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతాయి. ముట్టుకుంటే తల వెనుకనుంచి రెండు కొమ్ముల నారింజరంగు అవయవాన్ని బయటికి తోసి ఘాటైన వాసన వదులుతాయి. వాసన చూసి మీరే వెనక్కు తగ్గుతారు.

ఇక గిజిగాడిని చూడండి. ఆటలో ప్రతి జంతువుకూ ఇల్లు కట్టించాలంటే ఒక మేస్త్రీకి నాణేలు ఇవ్వాలి. మన గిజిగాడు ఎవరికీ ఏమీ ఇవ్వడు. వానకాలంలో బావిమీదికి వంగిన తుమ్మకొమ్మకో, ఈత మట్టకో వేలాడేలా, పచ్చి ఆకుల చీలికలతో మగపక్షే గూడు అల్లుతుంది. సగం అల్లాక ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే పని పూర్తి అవుతుంది. నచ్చకపోతే ఆ గూడు సగంలోనే ఆగిపోతుంది. దానికి మనం ఇవ్వవలసింది ఇల్లు కాదు. బావిగట్టున ఆ చెట్టును కొట్టకుండా ఉంటే చాలు.

మహబూబ్‌నగర్ పక్కన ఉన్న పిల్లలమర్రిని మీలో చాలామంది చూసే ఉంటారు. సుమారు 700 ఏళ్లదని చెప్పే ఆ మర్రిచెట్టు ఊడలు దింపుకుంటూ మూడెకరాల మేర పాకింది. మర్రికాయను కోసి చూడండి. లోపల గుత్తులుగా సన్నని పూలున్నాయి. అవి బయటికి కనిపించవు. వాటికి పరాగం మోసుకువచ్చేది మర్రి కోసమే ఉన్న ఒక అతిచిన్న కందిరీగ. ఆ కందిరీగ లేకపోతే మర్రికి విత్తనం లేదు. మర్రికాయ లేకపోతే కందిరీగ గుడ్డు పెట్టడానికి చోటు లేదు. మూడెకరాల చెట్టు, చీమకన్న చిన్నదైన పురుగు ఒకదాన్నొకటి పట్టుకొని బతుకుతున్నాయి! ఏ ఆట తయారుచేసినవాడైనా ఇంతకన్న మంచి నియమాన్ని ఊహించగలడా?

ఆట నేర్పే పొరపాట్లు

ఆటను ఇంతగా మెచ్చుకున్నాను కదా అని అందులో ఉన్నదంతా నిజమని అనుకోకండి. నాకు మూడు విషయాలు నచ్చలేదు.

మొదటిది, ఆటలో కొన్ని జంతువులు పుట్టుకతోనే చెడ్డవి. అవి ఎరుపు నలుపు రంగుల్లో వచ్చి తోటలో విషపు మిఠాయిలు రాలుస్తాయి. వాటిని తరిమేయాలి, లేదా మచ్చిక చేసి మార్చాలి. నిజమైన తోటలో చెడ్డ జీవి అని నుదుట రాసుకున్న జీవి ఉండదు. ఇందుకు మన చెల్కలోనే మంచి ఉదాహరణ ఉంది.

పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఒకప్పుడు ఆముదం పంటకు పెట్టింది పేరు. పాలెంలోని వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఆముదం మీద ఎన్నో ఏళ్లు పరిశోధన జరిగింది. ఆముదానికి పట్టే ముఖ్యమైన పురుగు దాసరి పురుగు. వంగి లేచి నడుస్తుంది. ఎక్కువైతే ఆకులను ఈనెలు మిగిలేలా తినేస్తుంది. కాని ఆ పురుగునే వెతుక్కుంటూ ఈగకన్న చిన్నదైన ఒక కందిరీగ వస్తుంది. శాస్త్రజ్ఞులు దాన్ని మైక్రోప్లైటిస్ అంటారు. అది చిన్న దాసరి పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. గుడ్డు పొదిగి వచ్చిన పిల్ల లోపలే పెరిగి, బయటికి వచ్చి, పురుగు వెనుక భాగాన చిన్న గూడు అల్లుకుంటుంది. ఆ దాసరి పురుగు తిండి మానేసి చచ్చిపోతుంది.

అటువంటి గూళ్లు చేలో బాగా కనిపిస్తున్నప్పుడు పురుగుమందు కొట్టవద్దని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. కొడితే దాసరి పురుగుతో పాటు దాన్ని చంపే స్నేహితుడూ చస్తుంది. అప్పుడు మిగిలిన పురుగులకు అడ్డు లేకుండా పోతుంది. మందు ఖర్చు రైతుదే, మందు గాలి పీల్చేదీ రైతే. మరి "పురుగులే కదా, పో" అని బడిలో నేర్చుకున్న పిల్లవాడు రేపు రైతు అయితే ఆ గూళ్లకోసం ఆకు తిప్పి చూస్తాడా? చూడడు. పురుగు కనపడగానే పంపు భుజాన వేసుకుంటాడు. నేను ఆనాడు అన్న ఒక్క మాట ఎంత దూరం పోతుందో ఆలోచించండి. ఇది ఒక బడిగోడ సంగతితో ఆగదు.

రెండవది, ఆటలో ప్రతి జంతువుకూ ఒక ధర ఉంది. అవసరం తీరిన జంతువును చాక్లెట్ నాణేలకు అమ్మేయవచ్చు. "తాతా, ఎర్రను అమ్మితే చాలా తక్కువ వస్తుంది" అని మనవరాలు చెప్పింది. డార్విన్ మహాశయుడు తన చివరి పుస్తకాన్ని 1881లో ఈ ఎర్రల గురించే రాశాడని ఆమెకు చెప్పాను. అవి మట్టిని తిని, విసర్జించి, నేలను మెల్లగా తిరగవేస్తాయని ఆయన ఏళ్లతరబడి కొలిచి చూపాడు. నాగలి పుట్టక ముందే నేలను దున్నినవి ఎర్రలు. ఆటలో అన్నిటికన్న చౌకైనది, నిజమైన తోటలో అన్నిటికన్న అవసరమైనది కావచ్చు.

మూడవది కాలం. ఆటలో నిమిషాల్లో పగలు గడిచిపోతుంది, నిమిషాల్లో మొక్క చెట్టవుతుంది. ఎండిన ఆకు, పుచ్చిన దుంగ అక్కడ చెత్త మాత్రమే. నిజంలో ఆ ఎండుటాకులే రేపటి ఎరువు. వాటిని ఎరువుగా మార్చే జీవుల్లో చెదలు కూడా ఉన్నాయి. అయితే ఇదే చెదలు పిల్లలమర్రికి ప్రమాదం తెచ్చిపెట్టాయి. కొమ్మలు గుల్లబారి కూలుతుంటే 2017 చివర్లో సందర్శకులను రానివ్వడం ఆపారు. 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, నీటిలో కలిపిన చెదలమందును చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద ఆధారాలు కట్టారు. ఆటలోలాగా పారతో ఒక్క దెబ్బ వేస్తే అయిపోయే పని కాదది. ఎంతో ఓపికగా చేయవలసిన వైద్యం. అడవిలో దుంగను తినే చెదలు మనకు మేలు చేస్తున్నాయి. ముసలి మర్రిని తినే చెదలను ఆపవలసి వచ్చింది. జీవి ఒక్కటే, చోటు వేరు.

మీరు అడగబోయే ప్రశ్నలు

"అయితే సార్, బడిలో కలుపు తీయవద్దంటారా? పాములు వస్తే? దోమలు పెరిగితే?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నలే.

బడి ఆవరణ అంతా పొదలు పెంచమని నేను అనడం లేదు. తరగతి గదుల పక్కన, నీటి తొట్టి దగ్గర, మరుగుదొడ్ల దారిలో నేల శుభ్రంగానే ఉండాలి. నీరు నిలవనీయకూడదు, నిలిస్తే దోమలు తప్పవు. ఒక మూల మాత్రం, గదులకు దూరంగా, చుట్టూ రాళ్లు పేర్చి హద్దు పెట్టిన చోటు వదిలేయమంటాను. అందులో చేతులు పెట్టకూడదు. చెప్పులు లేకుండా దగ్గరికి పోకూడదు. హద్దు బయట నిలబడే చూడాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. కాబట్టి ఆకు తుంచవద్దు.

వదిలేసిన మూలలో కూడా వయ్యారిభామ మొలిస్తే పీకించాలి. అది చాలామందికి దురదలు, ఆయాసం తెస్తుంది. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని, పెద్దవాళ్లే పీకాలి. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కకు మన దేశంలో సహజ శత్రువులు లేకపోవడంతో పొలాలు, రోడ్ల పక్కలు ఆక్రమించింది. దాన్ని తినే ఒక పెంకుపురుగును శాస్త్రజ్ఞులు 1980ల్లో మెక్సికో నుంచి తెప్పించి మన దేశంలో వదిలారు. పిన్యాటా బొమ్మలకు పేరుపడిన దేశం నుంచే ఆ అతిథి కూడా వచ్చిందన్నమాట!

"మరి ఆటలు ఆడవద్దంటారా?" అని కూడా అడుగుతారేమో. అననే అనను. సెలవునాడు ఒక గంట ఆడుకుంటే తప్పేమీ లేదు. మా ఊరి పిల్లల్లో ఎక్కువమందికి ఆ యంత్రమే లేదు. దానికోసం బాధపడవలసిన పని కూడా లేదు. ఎందుకో చెబుతాను.

మూడవ భాగం

ఆ ఆటకు రెండవ భాగం వచ్చింది. మూడవ భాగాన్ని మీరు మొదలుపెట్టండి. దానికి కరెంటు అక్కరలేదు. బడిలో పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న ఒక మూలను ఎంచుకోండి. హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకోండి. అక్కడ ఇప్పటికే ఉన్న మొక్కల పేర్లు మీ అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి రాసుకోండి. తంగేడు, రేల, జిల్లేడు, గునుగు, ఆముదం వంటివి ఉంటే ఉంచండి. లేకపోతే ఒకటి రెండు నాటండి.

తర్వాత ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి. ఆటలోని నాలుగు మెట్లే మీ నాలుగు గడులు: కనిపించింది, వచ్చి పోయింది, నిలిచింది, పిల్లలు పెట్టింది. ప్రతి జీవి పేరు పక్కన తేదీ వేయండి. పేరు తెలియకపోతే బొమ్మ వేయండి. పువ్వుమీద వాలిన సీతాకోకచిలుక రెండవ గడిలోకి వస్తుంది. ఆకు కింద దాని గుడ్డు దొరికితే నాలుగవ గడిలోకి ఎక్కుతుంది. ఏ నెలలో ఏ గడి నిండింది, ఏ గడి ఖాళీగా ఉంది, ఎందుకు ఉంది అని ఆలోచించడం మొదలుపెట్టారంటే మీరు శాస్త్రజ్ఞుల పనిలో అడుగుపెట్టినట్లే.

మా బడిలో ఆ పని ఇప్పుడు జరుగుతోంది. జిల్లేడు వేరు అంత తొందరగా చావదు. నేను కొట్టించిన చోటే మరుసటి వానకాలానికి చిగుళ్లు వచ్చాయి. ఈసారి ఎవరినీ ముట్టనీయలేదు. చుట్టూ రాళ్లు పెట్టించాను. ఆ ఏడు జెండా పండుగకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "ఈ మూల కొంచెం శుభ్రం చేయించలేకపోయారా మాస్టారూ?" అన్నారు. "అది మా ప్రయోగశాలండీ" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఆకు పట్టుకొని నిలబడిన ఆ పిల్ల అప్పటికి తొమ్మిదవ తరగతికి వచ్చింది. నోటుబుక్కు ఆమెకే అప్పగించాను. సెప్టెంబరులో ఒక రోజు స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి, "సార్, నాలుగో గడి నిండింది" అంది. వెళ్లి చూశాను. ఆకు అడుగున ఆవగింజకన్న చిన్న తెల్లటి గుడ్డు ఉంది. ఒక్కటే. ఆమె నన్ను నల్లబల్ల దగ్గర చూసినట్లు చూడలేదు. ఆకు కేసి చూస్తోంది. నేను కూడా ఆమె పక్కనే నిలబడి చూశాను.

సంక్రాంతికి మా మనవరాలు ఊరికి వస్తానంది. తన తోటలోని పిచ్చుకలు ఇప్పుడు ఎన్నయ్యాయో చెబుతుంది కాబోలు. నేను ఆమెకు మా నోటుబుక్కు చూపిస్తాను. మీ నోటుబుక్కులో మొదటి గడి ఏ జీవితో నిండిందో మీరూ చూసుకోండి. రేపు ఉదయం బడిగంట కొట్టకముందు పది నిమిషాలు చాలు.